ఉచిత వీసా వెనుక లెక్క

మా రాయచోటి ప్రాంతంలో గల్ఫ్ ప్రయాణాల సంగతి తెలిసిన వారెవరికైనా ఒక విచిత్రమైన తేడా కనిపించే ఉంటుంది. డ్రైవరుగానో, తోటపనికో, గొర్రెలు కాయడానికో కువైట్ వెళ్లే మగవాడు వీసా కోసం లక్షల్లో అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోయాలి. ఇంటిపనికి వెళ్లే ఆడమనిషికి మాత్రం వీసా ఖర్చు లేదు, టికెట్టు ఖర్చు లేదు. పైగా బయలుదేరే ముందు పిల్లల ఖర్చులకని 20 వేలో 30 వేలో చేతికిచ్చి మరీ పంపుతారు. ఊళ్లో దీన్ని అదృష్టంగానే చెప్పుకుంటారు. న్యాయ సేవా సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా ఊళ్లు తిరుగుతూ, అక్కడి నుంచి తిరిగివచ్చిన ఆడవాళ్ల కాగితాలు చూస్తూ ఉండే నాకు మాత్రం, ఊరికే వచ్చిన ఈ వీసానే అన్నిటికన్నా ముందు అనుమానించాలని తోస్తుంది. ఏటా జూలై 30న మానవ అక్రమ రవాణా వ్యతిరేక దినం పేరిట కాలేజీల్లో జరిగే సభల్లో, రైల్వే స్టేషన్లలో మత్తుమందు ఇచ్చి పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల గురించి చెబుతుంటారు. అలాంటివి లేవని కాదు. కానీ మా మండలాల్లో మనుషులు అమ్ముడుపోయేది పట్టపగలు, పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని, బంధువులు బస్టాండు దాకా వచ్చి సాగనంపుతుండగా.

ఉచితం అన్నది ఎవరికో లెక్క చూడాలి. ఇంటిపనికి మనిషి కావాలనుకున్న కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, కువైట్‌లో పనివాళ్లను కుదిర్చే ఆఫీసుకు పెద్ద మొత్తమే కడతాడు. అందులో కొంత మిగుల్చుకుని ఆ ఆఫీసు మిగతాది ముంబైలోనో చెన్నైలోనో ఉన్న ఏజెంటుకు పంపుతుంది. ఆ ఏజెంటు నుంచి కడపలో ఉన్న మనిషికీ, అతని నుంచి ఊళ్లో ఉన్న సబ్ ఏజెంటుకూ తలకింత అని కమిషన్ చేరుతుంది. టికెట్టు, మెడికల్, ముందుగా చేతికిచ్చిన 20 వేలు అన్నీ ఆ సొమ్ములోంచి వచ్చినవే. తన పేరు మీద ఎంత డబ్బు చేతులు మారిందో తెలియనిది ఈ వరుసలో ఒక్కరికే, వెళ్లే ఆమెకే. పని చేయలేక ఇంటికి పంపించమని అడిగిన రోజున ఆ సంగతి బయటపడుతుంది. “ఆఫీసుకు నేను కట్టిన దీనార్లు కట్టేసి వెళ్లు” అంటాడు కఫీల్. ఆ అప్పు ఆమె తీసుకోలేదు, కళ్లతో చూడలేదు, దాని మీద సంతకం పెట్టలేదు. అయినా రెండేళ్ల ఒప్పందం ముగిసేదాకా ఆ అప్పు కింద తాకట్టులో ఉండేది ఆమే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం మన పల్లెల్లో రద్దు చేసింది సరిగ్గా ఇలాంటి కట్టుబాటునే.

చట్టం ఈ విషయంలో డొంకతిరుగుడుగా ఏమీ లేదు. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాలనూ వెట్టిచాకిరీనీ నిషేధించింది. 2013లో భారత శిక్షాస్మృతి 370వ సెక్షన్‌ను తిరగరాసినప్పుడు వచ్చిన నిర్వచనమే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లోనూ ఉంది. దోపిడీ కోసం ఒక మనిషిని చేర్చుకున్నా, తరలించినా, ఎక్కడైనా ఉంచినా, ఒకరి చేతిలోంచి మరొకరి చేతికి మార్చినా, అలా వచ్చిన మనిషిని స్వీకరించినా, అందుకు బెదిరింపు, బలప్రయోగం, అపహరణ, మోసం, అధికార దుర్వినియోగం, డబ్బు ఆశ చూపడం వంటి వాటిలో ఏ ఒక్కటి వాడినా అది అక్రమ రవాణాయే. బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదని ఆ సెక్షనే చెబుతోంది. శిక్ష 7 ఏళ్లకు తగ్గకుండా 10 ఏళ్ల వరకు. బాధితురాలు మైనరైతే 10 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా. “ఆమె ఇష్టపడే వెళ్లింది కదా” అని స్టేషన్లోనూ, రచ్చబండ దగ్గరా, కొన్నిసార్లు ఆమె సొంత ఇంట్లోనూ వినిపించే మాటకు చట్టం ఎప్పుడో సమాధానం రాసి పెట్టింది.

అయినా స్టేషన్లో నమోదయ్యే కేసు తరచుగా వేరే ఉంటుంది. చీటింగ్ సెక్షను ఒకటి, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం 24వ సెక్షను ఒకటి వేసి ఊరుకుంటారు. లైసెన్సు లేకుండా మనుషులను విదేశాలకు పంపినందుకు ఆ రెండో సెక్షను కింద విధించగలిగిన గరిష్ఠ శిక్ష 2 ఏళ్ల జైలు, 2,000 రూపాయల జరిమానా. ఒక్క తల మీద సబ్ ఏజెంటుకు వచ్చే కమిషన్‌లో ఆ జరిమానా ఏ మూలకూ రాదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. చీటింగ్ కేసంటే స్టేషన్లో పోయిన డబ్బు చూపించమంటారు, ఈమె ఒక్క రూపాయి కూడా కట్టలేదు కనుక “నీకు వచ్చిన నష్టమేముంది?” అన్న ప్రశ్న దగ్గరే విచారణ చతికిలబడుతుంది. ఉచిత వీసా ఏజెంటుకు మరోసారి పనికొచ్చేది ఇక్కడే. అదే 143 కింద నమోదు చేస్తే, పోయిన డబ్బు మాటే ఎత్తనక్కర్లేదు. ఎవరు చేర్చుకున్నారు, ఏం చెప్పి పంపారు, అక్కడ ఏం జరిగింది అన్నవే విషయాలవుతాయి. అందుకే ఫిర్యాదు రాయడంలో నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టేది ఈ మూడు ముక్కల మీదనే. సంఘటన తమ పరిధిలోది కాదని స్టేషన్లో తిప్పి పంపితే, పరిధితో నిమిత్తం లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉందని గుర్తుచేయవలసి వస్తుంది.

ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు చేతిలో లేనివారికి రాయబార కార్యాలయం ఇచ్చే ప్రయాణ పత్రం మీద, తిరిగొచ్చిన ఒకామె ఇంట్లో నులకమంచం మీద ఆమె కాగితాలన్నీ పరిచి చూశాం. పాలిథిన్ కవరులో మడతల దగ్గర చిరిగిపోయిన వీసా జిరాక్సు ఉంది, అంతా అరబ్బీలో. మెడికల్ రిపోర్టు ఉంది. పిల్ల బడి ఫీజు రసీదు ఎందుకో అందులోనే ఉంది. బీడీ కట్ట మీది కాగితం వెనుక రాసిన ఒక ఫోను నంబరు ఉంది. ఆమెతో ఆస్పత్రిలో ఊడ్చే పని అని చెప్పారు. వీసా మీద ఉన్నది ఇంటిపని. ఆ అరబ్బీ ముక్కను ఆమెకు చదివి చెప్పిన మనిషి బయలుదేరిన రోజు దాకా ఒక్కరూ లేరు. నంబరు ఎవరిదని అడిగితే ఆమె తల వంచుకుంది, గుమ్మంలో కూర్చున్న అత్త జవాబు చెప్పింది: “మా మరిది కొడుకుదేనమ్మా. వాడు చెడ్డ చేయాలని పంపించలే.” అతను ఏమని ఒప్పించాడో తర్వాత ఆమే చెప్పింది: “నేనుండగా నీకేం బయం వదినా, ఆడ మన ఊరోళ్లు శానా మంది ఉండారు. రెండేండ్లు కండ్లు మూసుకుంటే పిల్ల పెండ్లికి ఎవురి దగ్గరా చెయ్యి చాపే పనుండదు.”

సబ్ ఏజెంటు చాలాసార్లు ఇలాంటివాడే. తానూ ఒకప్పుడు కువైట్ వెళ్లి వచ్చినవాడు, పాప జ్వరానికి రాత్రిపూట బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు, పండక్కి ఇంటికి వచ్చి భోంచేసేవాడు. తిరిగొచ్చిన ఆడవాళ్లలోనే కొందరు తర్వాత ఈ పనిలోకి దిగుతారు. అతని మీద ఫిర్యాదంటే అన్నదమ్ముల కుటుంబాల మధ్య రాకపోకలు తెగడమే, రేపు పిల్ల పెండ్లికి సగం బంధువులు రాకపోవడమే. కుటుంబాలు వెనకాడితే నేను తప్పుపట్టను, పోలీసులనే తప్పుపడతాను. ఎందుకంటే కేసు పెట్టిన అరుదైన సందర్భాల్లోనూ ఈ చిన్న మనిషిని అరెస్టు చేసి, ఛార్జిషీటు వేసి, అక్కడితో ముగిస్తారు. అతని ఫోనులో పై ఏజెంటు పంపిన వీసా కాపీలు, గూగుల్ పేలో వచ్చిన కమిషన్లు, ఆఫీసు పేరు, అన్నీ ఉంటాయి. వాటిని పట్టుకుని పైకి పోవాల్సిన పని మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానిది. అది జరగనంతకాలం, ఊళ్లో ఒకడు జైలుకెళితే ఇంకొకడు ఆ కుర్చీలో కూర్చుంటాడు.

వీళ్లను ఆపడానికి ప్రభుత్వం పెట్టిన నిబంధనలు తక్కువేమీ కావు. పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన, కోవలో ఉంటుంది. ఆరు గల్ఫ్ దేశాలూ కలిపి 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లాలంటే వాళ్లు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ కార్యాలయం అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి అలాంటి స్త్రీలను పంపే పని ప్రైవేటు ఏజెంట్ల చేతిలోంచి తీసి, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థలకు అప్పగించారు. ఉద్దేశం మంచిదే. అయితే ఆ దారిన వెళ్లాలంటే కఫీల్ వివరాలు, జీతం, ఒప్పందం అన్నీ ముందే నమోదు కావాలి. అంత ఓపిక కఫీళ్లలో చాలామందికి లేదు, ఆ అవసరం ఏజెంట్లకు అసలే లేదు. అందుకని విజిట్ వీసా మీద దుబాయికో, షార్జాకో, మస్కట్‌కో పంపి, అక్కడి నుంచి అనుకున్న దేశానికి దాటిస్తారు. వయసు చాలనివారికి పుట్టిన సంవత్సరం మారిన ఆధార్ కార్డు పుట్టుకొస్తుంది. ఇలా వెళ్లిన మనిషి ఉద్యోగానికి వెళ్లినట్టు మన ప్రభుత్వ లెక్కల్లో ఎక్కడా ఉండదు. అనుమతితో వెళ్లేవారికి తప్పనిసరిగా ఉండే 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఆమెకు ఉండదు. ఆడవాళ్లను వెళ్లనివ్వకుండా కట్టడి చేసే ప్రతి కొత్త నిబంధనా, సక్రమమైన దారి దానికి సమానంగా సులువు కానప్పుడు, దొంగదారిలో నడిపించేవాడి రేటునే పెంచుతుందని నా గట్టి నమ్మకం.

అక్కడి పరిస్థితుల గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే కన్నీళ్ల కథలు ఫేస్‌బుక్‌లో కావలసినన్ని ఉన్నాయి. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చి ఇంటి పనివారికి రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదనీ, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలనీ, అనుమతి లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదనీ రాసింది. మరుసటి ఏడాది కనీస వేతనం నెలకు 60 దీనార్లుగా నిర్ణయించింది. గల్ఫ్‌లో అలాంటి చట్టం తెచ్చిన మొదటి దేశాల్లో అది ఒకటి. కానీ ఇంటి లోపలికి తనిఖీ వెళ్లదు. పాస్‌పోర్టు విమానాశ్రయంలోనే చేతులు మారుతుంది, కఫీల్ ఇంట్లో పని ముగిశాక అతని చెల్లెలి ఇంట్లో పని మొదలవుతుంది, ఫోను వారానికి ఒకసారి చేతికొస్తుంది. భరించలేక పారిపోతే ఆమె మీద కఫీల్ పరారీ కేసు పెడతాడు. ఆ క్షణం నుంచి ఆమె మనవాళ్ల భాషలో ఖల్లివల్లి, అంటే అకామా (నివాస అనుమతి) లేని మనిషి. మనవాళ్లు ఎక్కువగా ఉండే జిలీబ్, హసావి వంటి చోట్ల గది చూపించి ఆదుకునే మంచివారు ఉన్నారు. అదే గదిలో పెట్టి ఒళ్లమ్ముకునే పనిలోకి నెట్టేవారూ ఉన్నారు, అందులోనూ తెలుగువాళ్లున్నారు. పోలీసుల దగ్గరకు వెళితే తననే లోపల వేస్తారన్న భయంతో ఆమె నోరు విప్పదు.

ఇది ఆడవాళ్లకే పరిమితమని ఎవరైనా అనుకుంటే విశాఖపట్నం సంగతి చూడాలి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని కంబోడియా పంపించి, అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, కాపలా మధ్య సైబర్ మోసాలు చేయించిన వ్యవహారంలో 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. 2025 మార్చిలో మయన్మార్‌లోని అలాంటి కేంద్రాల నుంచి బయటపడ్డ 500 మందికి పైగా భారతీయులను థాయిలాండ్ మీదుగా వైమానిక దళ విమానాల్లో తీసుకొచ్చారు. వారిలో మన రెండు రాష్ట్రాల కుర్రవాళ్లూ ఉన్నారు. డిగ్రీలు చదివినవారే. చేర్చింది తెలిసినవాళ్లే.

వాట్సాప్‌లో ఏడుస్తూ వాయిస్ మెసేజ్ వచ్చిన ఇంట్లో మొదట చేసే పని దాన్ని అన్ని గ్రూపులకూ పంపడం. దయచేసి ఆ పని చేయకండి. నాయకుడు ఎవరైనా చూసి స్పందిస్తే మేలు జరిగిన సందర్భాలున్నాయి, నిజమే. కానీ వైరల్ కాని వీడియోలే ఎక్కువ, అవి కఫీల్ కంట పడితే ఆమె ఫోను పోతుంది, ఊరికి తిరిగొచ్చాక ఆ వీడియో ఆమెను పదేళ్లు వెంటాడుతుంది. ముందు ఆ మెసేజ్‌ను భద్రంగా దాచండి. పాస్‌పోర్టు, వీసా కాపీలు, బతాకా అని పిలిచే సివిల్ ఐడీ ఫోటో, కఫీల్ పేరు, ఫోను నంబరు, వీలైతే వాట్సాప్ లొకేషన్ లేదా ప్రాంతం, బ్లాకు, వీధి, ఇంటి నంబరు ఒకచోట చేర్చండి. వాటితో విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబరుతోనే అక్కడి భారత రాయబార కార్యాలయాన్నీ, ఇక్కడ ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీనీ సంప్రదించాలి. ఎలాగోలా ఇల్లు దాటగలిగిన స్త్రీలకు కువైట్‌లోని రాయబార కార్యాలయం ఆశ్రయం ఇస్తుంది; 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి భోజనం, వసతి, న్యాయసహాయం, టికెట్టు ఖర్చులు పెట్టే వీలుంది. ఇక్కడ ఒక మాట మరవకూడదు: ఇంటికి రావాలన్న ఆత్రంలో రాని జీతం మాట వదిలేసి విమానం ఎక్కేస్తారు. బయలుదేరే ముందే అక్కడ ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి, ఫిర్యాదు పెట్టి వస్తే జీతం కోసం పోరాడే దారి మిగులుతుంది. అలా చేయకుండా వచ్చేస్తే ఆ డబ్బు మీద దాదాపు ఆశ వదులుకోవలసిందే.

ఇంటికి చేరాక అందరూ కథ సుఖాంతమైందనుకుంటారు. పత్రికలో ఫోటో కూడా అక్కడితోనే ఆగుతుంది. కాగితాల కవరు చూపించిన ఆమె, మేము వెళ్లినప్పుడు, కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడే మాట్లాడింది. రాత్రిపూట ఎవరి ఫోను మోగినా లేచి వంటింట్లోకి వెళ్లేదని కూతురు చెప్పింది. నడుము నొప్పికి మాత్రలు వేసుకుంటోంది గాని, ఈ రెండో బాధకు మందు ఉందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. దీనికి తోడు వాకిట్లో మాటలు: అంత తొందరగా ఎందుకు వచ్చేసింది, అక్కడ ఏం జరిగిందో ఏమో. భర్త నాతో ఒక్క మాటా మాట్లాడలేదు, కానీ ఇంట్లోంచి బయటికీ వెళ్లలేదు. అది మంచి గుర్తేనని అనుకున్నాను.

సాయం అనేది ఇక్కడ మొదలు కావాలి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం అక్రమ రవాణా బాధితులకూ, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచితంగా వకీలును పెట్టాలి. 15100కు ఫోను చేసినా, జిల్లా కోర్టు ఆవరణలోని కార్యాలయానికి వెళ్లినా చాలు. నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద నష్టపరిహారానికి దరఖాస్తు చేసుకోవచ్చు, నేరస్థుడు దొరకకపోయినా, విచారణ మొదలుకాకపోయినా బాధితురాలు ఎవరో తెలిస్తే సరిపోతుంది. కానీ చీటింగ్ కేసు కాగితం పట్టుకుని వెళ్లినామెకు ఆ ద్వారం తెరుచుకోవడం కష్టం. ఏ సెక్షన్ అన్న గొడవ నేను ఇంతగా పెట్టుకునేది అందుకే. మనసుకు తగిలిన దెబ్బకు జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడు ఉంటాడు, హింసకు గురైన స్త్రీల కోసం నడిచే సఖి కేంద్రంలో కౌన్సెలర్ ఉంటుంది, మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోను చేస్తే దారి చెబుతారు. అయితే ఆమెను మొదటిసారి వెంటబెట్టుకుని తీసుకెళ్లే మనిషి ఒకరు కావాలి, ఆ మనిషి చుట్టం కాకపోతే మేలు.

ఇన్ని చెప్పాక ఆమె నన్ను అడిగింది మాత్రం వీటిలో ఏదీ కాదు. “సంఘంలో నా పేరు తీసేస్తారంట, ఆ ఒక్కటీ చూడు మేడం” అంది. కువైట్‌లో జీతం రానన్ని నెలలూ ఆమె డ్వాక్రా అప్పు వాయిదాలను మిగతా సభ్యులు తలా కొంచెం వేసుకుని బ్యాంకుకు కట్టారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది, వాళ్లూ కూలికి వెళ్లేవాళ్లే. కేసు, పరిహారం ఎప్పటికి తేలుతాయో తెలియదు; సంఘంలో పేరు పోతే మాత్రం మరుసటి నెలలోనే ఆమె మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాలి, ఆ గుమ్మం పక్కనే ఏజెంటు ఉంటాడు. ఊరి డ్వాక్రా సంఘాల పనులు చూసే వీవోఏతో కలిసి సంఘం సమావేశంలో కూర్చుని, ఆమె ఎలా వెళ్లిందో ఆమె అనుమతించినంత మేరకే చెప్పి, బాకీని చిన్న వాయిదాలుగా మార్చుకునేలా ఒప్పించగలిగాం.

ఆ సమావేశంలోనే సంఘం నాయకురాలు ఒక తీర్మానం రాయించింది. సభ్యుల ఇళ్లలోంచి ఎవరు గల్ఫ్ వెళ్తున్నా పాస్‌పోర్టు, వీసా కాపీలు సంఘానికి ఇవ్వాలి. వీసాలో ఏ పని రాసి ఉందో అరబ్బీ వచ్చినవారి చేత చదివించాలి. పంపేవాడి లైసెన్సు నంబరు విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసి, అతని పేరు, ఫోను నంబరుతో సహా మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు సేవా రుసుము కింద 30 వేలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదన్న సంగతి కూడా అదే పేజీలో రాసుకున్నారు. మా పక్క మండలంలో రెండు సంఘాలు ఈ తీర్మానాన్ని చూసి రాసుకున్నాయని విన్నాను. మీ ఊళ్లో ఎవరైనా అమలు చేయదలిస్తే తీర్మానం నకలు పంపడానికి ఆ నాయకురాలు ఒప్పుకుంది. బాధితురాలి ప్రస్తావన ఉన్న మొదటి పేరా మాత్రం తీసేసి పంపుతాను.